రశీదు ఉన్నవాడు, రశీదు లేనివాడు

నేరేడ్‌మెట్‌లో మా వీధి శనివారం భజనకు వచ్చేవాళ్లలో సగం మంది మిలిటరీలో చేసి రిటైరైనవాళ్లే. పోస్టింగు ఆర్డరు చేతికొస్తే ట్రంకుపెట్టె సర్దుకోవడమే తప్ప ఎందుకని అడిగే అలవాటు వాళ్లకు లేదు. అలాంటివాళ్లు రామదాసు కీర్తన రాగానే గొంతు పెంచి దేవుణ్ణి నిలదీస్తుంటే నాకు వింతగా ఉంటుంది. పోయినేడు ఇల్లు అద్దెకిచ్చి అబ్బాయి దగ్గరికి వెళ్దామని సామాను కట్టుకున్న వారంలోనే మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాను. మంచం మీద ఉన్న మూడు నెలలూ రామదాసునూ త్యాగరాజునూ మార్చి మార్చి విన్నాను. అనుకున్నది తలకిందులైతే ఇద్దరూ అడిగేది ఆ రాముణ్ణే. అడిగే తీరు మాత్రం ఒకటి కాదు.

రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న, ఊరు నేలకొండపల్లి. గోల్కొండ సర్కారులో పాల్వంచ పరగణా తహసీల్దారు. సుల్తాను తానీషా కొలువులో చక్రం తిప్పిన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలంటారు. శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి కోటలో ఖైదీ అయ్యాడు. పన్నెండేళ్లని ఐతిహ్యం. అంత పలుకుబడి ఉన్న మేనమామలుండి కూడా!

‘ఇక్ష్వాకు కులతిలక’లో ఆయన ఏడవడు, లెక్క చెబుతాడు. ప్రాకారానికి ఇంత, భరతుడి పతకానికి ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత. ఇవన్నీ మీ నాన్న పెట్టాడా, మీ మామగారు పంపాడా అని దెప్పుతాడు. జమాబందీ రాసిన చెయ్యి కదా, కష్టంలోనూ పద్దులే పలికింది. అయితే నన్ను ఆపింది వేరే సంగతి. ఎవరి సొమ్ముతో ఈ కులుకు అని రాముణ్ణి అడిగిన ప్రశ్న ఉందే, సరిగ్గా అదే ప్రశ్న గోల్కొండ దివాణం గోపన్నను అడుగుతోంది. పైవాడు తనను అడిగినదాన్ని ఆయన ఇంకా పైవాడి మీదికి తోసేశాడు. న్యాయంగా చూస్తే ఈ వాదన నిలవదు, ఆ సొమ్ము ఆయన సొంతం కాదు. పాట నిలబడింది చివర్లో. తిట్టానని నొచ్చుకోకు, దెబ్బలకు ఓర్వలేక అన్నానని వెంటనే బతిమాలుకుంటాడు. అక్కడ తహసీల్దారు లేడు, ఒళ్లు హూనమైన మనిషి ఉన్నాడు. ‘నను బ్రోవమని చెప్పవే’లోనూ ఆఫీసు వాసన పోలేదనుకోండి. దొరగారు పలకకపోతే అమ్మగారి ద్వారా సిఫార్సు!

వందేళ్లు దాటాక తిరువయ్యూరులో త్యాగరాజు (1767–1847). అన్నగారు పూజావిగ్రహాలను కావేరిలో పారేశాడని కథ. ఈయన దగ్గర పద్దుల్లేవు, పెట్టిన ఖర్చూ లేదు. కీరవాణిలోని ‘కలిగియుంటే గదా’లో తప్పు తన నుదుటి రాతదే అంటాడు. నారదుడు, ప్రహ్లాదుడు, పరాశరుడు, రామదాసు చేసినంత భక్తి తన దగ్గరేదని నొచ్చుకుంటాడు. మంచంలో మొదటిసారి విన్నప్పుడు ఈ వినయం నాకు రుచించలేదు, ఓడిపోయి ఊరుకున్నట్టు తోచింది. నాలుగోసారి విన్నప్పుడు ముల్లు తగిలింది. కోరిన ఫలమిచ్చేవాడా అని పిలుస్తూనే, రాసిపెట్టి ఉంటేనే గదా దొరికేది అంటున్నాడు. రాతలో ఉన్నదే దొరికేట్టయితే ఇచ్చేవాడు దేనికి? గోపన్న గొంతు చించుకుని అడిగినదాన్ని ఈయన సంబోధనలో దాచి అడిగాడు. మా భజనలో ఈ కీర్తన ఎవరూ ఎత్తుకోరు. సంగతులు పలకవన్నది ఒక కారణం. తిట్టు వినపడదన్నది రెండోదేమో.

ఇద్దరి దారులూ కలిసేది దేవగాంధారిలోని ‘క్షీరసాగర శయన’లో. గజేంద్రుణ్ణి కాచావని, ద్రౌపదికి చీరలిచ్చావని, రామదాసు చెర విడిపించావని విన్నానే, మరి నన్నెందుకు చింతపెడతావు అంటాడు త్యాగరాజు. గోపన్న చెర తీరిన సంగతి ఈయన చేతిలో నజీరు. కానీ అది విన్న మాట, కన్నది కాదు. విన్నదాన్ని పట్టుకుని అంత నెమ్మదైన రాగంలో అడగడానికి ఎక్కువ గుండె కావాలని నాకనిపిస్తుంది. రామదాసు పాటే నోటికి ముందొస్తుందని ఒప్పుకుంటూనే ఈ మాట అంటున్నాను.

అసలు గోపన్నయినా ఏం కన్నాడు? గోల్కొండలో ఆయన బందీఖానా గోడ మీద చెక్కిన రాముడు, హనుమంతుడి బొమ్మలు ఇప్పటికీ చూపిస్తారు. కథ ప్రకారం రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలుగా అర్ధరాత్రి వచ్చి ఆరు లక్షల మొహరీలు కుప్పపోసింది తానీషా ముందు. దర్శనం సుల్తానుకి. పన్నెండేళ్లు పిలిచినవాడు జైల్లో నిద్రపోతున్నాడు, లేచేసరికి పక్కన రశీదు కాగితం.

మొన్న భజనయ్యాక ఇదంతా చెబితే పక్కింటి సుబేదారుగారు తాళాలు సంచిలో పెట్టుకుంటూ అడిగారు: “ఆ రశీదు ఎవరి పేరు మీద రాశారు మాస్టారూ? కట్టినాయన పేరు మీదా, బాకీ ఉన్నాయన పేరు మీదా?”