నాగజెముడు కథలో విడిచిన సగము

పశువుల బీళ్లలోని కలుపును కీటకములచేత అణచవచ్చునని చెప్పునప్పుడెల్ల మన పాఠములలో ఒకే ఉదాహరణము కనిపించును. అది ఆస్ట్రేలియాలోని నాగజెముడు, దానిని తినివేసిన కాక్టోబ్లాస్టిస్ అను రెక్కల పురుగు.

కథ నిజమే. 1920 తరువాతి ఏండ్లలో క్వీన్స్‌లాండు, న్యూ సౌత్ వేల్సులలో సుమారు 6 కోట్ల ఎకరములను నాగజెముడు ఆక్రమించినది. చాలచోట్ల పశువు దూరుటకైనను సందు లేకపోయెను. 1925లో అర్జెంటీనానుండి ఈ పురుగు గ్రుడ్లను తెప్పించినారు. ఆడపురుగు గ్రుడ్లను ఒకదానిపై నొకటి పేర్చి, ముల్లువలె నిలుపును. పిల్లపురుగులు గుంపుగా మట్టను తొలుచుకొని లోపలికి పోవును; పిదప మట్ట కుళ్లిపోవును. 1933 నాటికి ఆ భూమిలో చాల భాగము తిరిగి పశువులకు, సేద్యమునకు దక్కినది. బూనార్గాలో ఈ పురుగు పేర ఒక సభాభవనమునే కట్టినారు!

పాఠము ఇక్కడ ముగియుటయే మన అభ్యంతరము. ఆ పురుగు ఇతర మొక్కల నేల తినలేదు? విడుచుటకు ముందు దానిని పంటమొక్కలపై పరీక్షించినారు. అంతకంటె ముఖ్యమైనది, జెముడు కుటుంబపు మొక్క ఆస్ట్రేలియాకు స్వదేశీయమైనది ఒక్కటియు లేదు. ఇదే పురుగును 1957లో కరీబియన్ దీవియైన నీవిస్‌లో విడిచినారు. అక్కడ బీళ్లలో కలుపైనది స్థానికమైన జెముడే. 1989లో పురుగు ఫ్లారిడాలో కనిపించినది. అచ్చటి అరుదైన జెముడు జాతులకు నేడది ముప్పు. నాగజెముడును కూరగా, పశువుల మేతగా వాడు మెక్సికో దానిని చూచి భయపడుచున్నది.

మన దేశపు అనుభవమును విడిచిపెట్టుట మరింత విచారకరము. 1795లో ఎర్రరంగు కొరకని బ్రెజిల్‌నుండి కలకత్తాకు కోచినీల్ కీటకమును తెచ్చినారు. తెచ్చినది మేలైన రంగునిచ్చు జాతి కాదు. ఐనను అది ఒక రకపు నాగజెముడును నాశనము చేసినది. అది చూచి తరువాత దక్షిణదేశమునకు ఆ పనికొరకే తెచ్చినారు. మరొక రకపు నాగజెముడు దానికి లొంగలేదు. దానికై 1926లో సింహళమునుండి వేరొక కోచినీల్ జాతిని తేవలసి వచ్చినది. ఏ కీటకము ఏ మొక్కకు అనునది ఎంత సూక్ష్మమైన విషయమో ఆస్ట్రేలియా కథకంటె ఇది స్పష్టముగా చెప్పును.

పైగా దీనిని తరగతికి చూపవచ్చును. నాగజెముడు మట్టపై తెల్లని దూదివంటి మచ్చలు కనిపించినచో పుల్లతో నొక్కించి చూడుడు. లోపలి కీటకము చితికి ఎర్రని రంగు వెలువడును.