బీచా, రేవా?

ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్‌లో ఫొటో వచ్చింది. పంపింది మా దిల్‌సుఖ్‌నగర్ పక్కింటి కుర్రాడు. కరీబియన్‌లో, సెయింట్ విన్సెంట్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. సెలవు దొరికితే ఫెర్రీ ఎక్కి గంటలో బెక్వే దీవికి వెళ్ళాడట. ఊరూ కొండా కలిపి 18 చదరపు కిలోమీటర్లు! ఫొటోలో రంగు గొడుగులు లేవు. ఒడ్డుకు లాగిన పడవలు, ఆరేసిన వల, దాని చిరుగులు కుడుతున్న ముసలాయన. కింద ప్రశ్న: ‘అంకుల్, ఇది బీచా, రేవా?’

నా పాత పేచీ వాడికి తెలుసు. సెలవుకొచ్చేది బీచ్, పనికొచ్చేది రేవు. సరూర్‌నగర్ చెరువు గట్టున నడిచేటప్పుడు కూడా ఈ తేడా చెప్పి తోటివాళ్ళను విసిగిస్తుంటాను.

నాకు పదేళ్ళప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, చీరాల దగ్గర వాడరేవులో పెద్దవల లాగడం చూశాను. తాడు ఒక కొస ఒడ్డున వదిలి, పడవ అర్ధచంద్రంలా తిరుగుతూ వల జారవిడిచి, రెండో కొసతో దూరంగా ఒడ్డెక్కింది. రెండు జట్లు వెనక్కి నడుస్తూ, ఒకదానికొకటి దగ్గరవుతూ లాగుతున్నాయి. నేనూ వెళ్ళి తాడు పట్టుకున్నాను. అరచేతులు కమిలాయి. చివర్న ఒకాయన, ‘ఇందా అబ్బాయ్’ అంటూ దోసెడు నెత్తళ్ళు పోశాడు. నా కూలి! ఏళ్ళ తరబడి గొప్పగా చెప్పుకున్నాను. రేవుకు వెళ్తే తాడు పట్టాలి, లేకపోతే వెళ్ళకూడదని సిద్ధాంతం కూడా చేశాను.

వాడికీ అదే రాయబోయాను. బస్సు చౌటుప్పల్ దాటాక ఆ దోసెడు లెక్క తట్టింది. పట్టిన చేప వాటాలుగా పంచుతారు, వల యజమాని వాటా పోగా మిగిలిందే లాగినవాళ్ళది. నా నెత్తళ్ళు ఎవరి వాటాలోంచి వచ్చినట్టు? నా లాగుడుతో వల ఒక్క అంగుళం కదిలిందా? కాళ్ళకు అడ్డం పడ్డ పిల్లాణ్ణి మంచి చేసుకుని పంపారు, అంతే.

రాసింది కొట్టేసి మళ్ళీ రాశాను: ‘రేవేరా. తాడు ముట్టుకోకు. చెప్పులతో వల తొక్కకు. చేప అమ్మితే అడిగిన ధరకు కొనుక్కో.’