ఆన్‌లైను భౌతికశాస్త్రబోధ: గుణదోషవిచారము

గురువు శిష్యునియింటికి రావలెనా, శిష్యుడు గురువునింటికి పోవలెనా యను పాతతగవు నేటికి తీరిపోయినది. ఇరువురును కదలరు, నడుమ ఫోనుమాత్రము వెలుగుచుండును. మంచిర్యాల, శ్రీరాంపురము, మందమర్రి, బెల్లంపల్లి, గోదావరి కావలియొడ్డున రామగుండము, గోదావరిఖని – ఈ బొగ్గుసీమయందలి కార్మికుల క్వార్టరులలో పదవతరగతి, ఇంటర్మీడియేటు, డిగ్రీ తొలియేడు చదువు పిల్లలు ఫోను ముందిడుకొని భౌతికశాస్త్రము నేర్చుట సామాన్యమైనది. ఈ బోధను మెచ్చువారు మితిమీరి మెచ్చుచున్నారు. తెగడువారు చూడకయే తెగడుచున్నారు. గ్రంథమును విమర్శించునట్లే ఈ పాఠములనుగూడ గుణదోషము లెంచి విమర్శింపవలసిన కాలము వచ్చినదని మా తలంపు.

గుణములు ముందు చెప్పుదము. కుమారుని హైదరాబాదునకో కరీంనగరమునకో పంపి హాస్టలులో నుంచి చదివించు తండ్రి కుమార్తె విషయమున వెనుకాడుట మన యిండ్లలో క్రొత్తగాదు. అట్టి బాలికకు మంచి యుపాధ్యాయుని మాట వంటయింటి గడపవఱకు వచ్చుట సామాన్యమైన మేలు కాదు. తెలియనిచోట పాఠము నాపి పదిసారులు వినవచ్చును. తరగతిలో పదిసారులడిగినచో నవ్వుదురను భయము లేదు. 2020వ సంవత్సరమున కరోనావలన బడులు మూతబడినపుడు, సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరిద్వారమునను టీశాట్‌ద్వారమునను పాఠములు చెప్పించినది. ఆ సాధనములే లేకున్నచో ఎందఱి చదువులు నిలిచిపోయెడివో యూహింపవచ్చును.

ఇక దోషములు. అమెరికాలో సల్మాన్ ఖాన్ అను నతడు 2004లో దూరముననున్న తన బంధువులబాలికకు ఫోనుమీదను కంప్యూటరుమీదను గణితము చెప్పుటతో ఖాన్ అకాడమీకి బీజము పడినది. గమనింపుడు: ఆ మొదటి బోధలో గురువొకడు, శిష్యురాలొకతె. ఆమె తడబడినచోట నాత డాగెను. ఆమె యడిగినదానికి బదులు చెప్పెను. తరువాత లోకమంతట వ్యాపించినది రికార్డు చేయబడిన పాఠము. ఉపన్యాసము మిగిలెను, సంభాషణ జాఱిపోయెను. నేటి బోధయందలి మూలదోష మిదియే.

దీనినుండి పుట్టిన రెండవదోషము సూత్రములను మంత్రములవలె నేర్పుట. ఒక యుదాహరణము చూతము. లిఫ్టులో మనుష్యుని బరువునుగూర్చి "పైకి ప్లస్, క్రిందికి మైనస్" అని యొక గుర్తు చెప్పి, దానితో పది లెక్కలు చేయించుట పలుపాఠములలో గానవచ్చును. ఈ గుర్తు నిజమా? గోదావరిఖని 11వ ఇంక్లైను మొదలగు పేరులు ఈ సీమబిడ్డలకు ఉగ్గుపాలతో వచ్చినవి. ఇంక్లైననగా వాలుమార్గము, అట్టిమార్గమున బొగ్గుటబ్బులను హాలేజీతాడుతో లాగుదురు. 1000 కిలోల టబ్బు 30 డిగ్రీల వాలున నున్నదనుకొందము. వాలువెంట దానిని క్రిందికీడ్చు బలము సుమారు 5000 న్యూటనులు. ఘర్షణ 200 అనుకొందము. సమవేగముతో పైకి లాగునపుడు తాడుమీది బిగువు 5200. సమవేగముతో క్రిందికి దింపునపుడు 4800. ఇంతవఱకు "క్రిందికి మైనస్" అనుమాట చెల్లినట్లే తోచును. కాని దిగుచున్న టబ్బును సెకనునకు అరమీటరు చొప్పున వేగము తగ్గించుచు నిలుపబూనిన యెడల బిగువు 5300! పైకి లాగునప్పటికంటెను ఎక్కువ. చలనము క్రిందికే, త్వరణము మాత్రము పైకి. దిక్కు చూడవలసినది త్వరణమునకుగాని చలనమునకు గాదని తెలియని బిడ్డ పరీక్షలో నొక మార్కు పోగొట్టుకొనుటతో సరి; కాని రేపు ఇంజనీరై తాడునెంచు బాధ్యత వహించినపుడో? ఆ తాటిక్రింద నెవరి తండ్రియో పనిచేయుచుండును.

ఇందులకు ఉపాధ్యాయులనే నిందించుట న్యాయము గాదు. 2024నుండి ఎప్‌సెట్టని పేరుమారిన ప్రవేశపరీక్షలో ఇంజనీరింగు విద్యార్థి 180 నిమిషములలో 160 ప్రశ్నలకు జవాబు గుర్తింపవలెను. అందు భౌతికశాస్త్రమున 40. ప్రశ్న కొక నిమిషము పైచిలుకు దక్కుచోట ఆలోచన భారమగును, గుర్తు లాభమగును. తలిదండ్రులు ర్యాంకునే కోరుదురు. అమ్మువారు కోరినదానినే యమ్ముదురు. అయినను దోషమునకు కారణము దొరికినంతమాత్రమున దోషము గుణము గాదు. మూలము తెలిసినవాడు గుర్తును తానే కల్పించుకొనగలడు. గుర్తుమాత్రమే తెలిసినవాడు ప్రశ్న కొంచెము వంకరపోగానే చేతులెత్తును.

మూడవది భాషాదోషము. నామవాచకములన్నియు ఆంగ్లము, క్రియలుమాత్రము తెలుగు – ఇట్టి కలగూరగంపలో పాఠము చెప్పినపుడు బిడ్డకు విన్నట్లుండును, తెలిసినట్లుండదు. దేశభాషలో నీశాస్త్రము పొసగదను వాదము చెల్లదు. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము శాస్త్రములను ఉర్దూలో బోధించినది. అందుకై 1917లోనే యనువాదశాఖ యేర్పడినది. అంతకుముందే, 1906లో, హైదరాబాదున విజ్ఞానచంద్రికామండలి తెలుగున శాస్త్రగ్రంథములను ప్రకటింప బూనినది. జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రము సైతము 2021నుండి తెలుగున లభించుచున్నది. ఆంగ్లపదములను విడువుమని మే మనము. ముందుచదువులకు అవి కావలయును. మాట ఆంగ్లమైనను అర్థము తెలుగున తెలియవలెనని మాత్రమే మా కోరిక.

"ప్రయోగశాల లేనిచోట ఇంతకుమించి యేమి చేయవచ్చు" నని కొందఱందురు. ఇది సోమరిమాట. మీటరు పొడవుగల దారమునకు చిన్నరాయి గట్టి యూచినచో పది యూపులకు సుమారు ఇరువది సెకనులు పట్టును. ఆ లెక్కనుండి గురుత్వత్వరణము ఇంటివసారాలోనే తేలును. జర్మనీయందలి ఆఖెన్ విశ్వవిద్యాలయమువారు చేసిన ఫైఫాక్స్ అను ఉచితసాధనముతో ఫోనులోని సెన్సారులే కొలతపరికరము లగును. పాఠము వినిపించు వస్తువే ప్రయోగశాలయు గాగలదు, చెప్పించువారికి మనసుండవలెను.

కావున గృహస్థులు డబ్బు కట్టకముందు మూడు సంగతులు విచారింపవలెను. బిడ్డ ప్రశ్న యడిగినచో బదులు చెప్పు మనుష్యుడున్నాడా? సూత్రము ఎక్కడ చెల్లునో, ఎక్కడ చెల్లదో చెప్పుచున్నారా? వారమున కొక్కసారియైన బిడ్డచేత నేదేని కొలిపించుచున్నారా? నాలుగవది పాఠమును గూర్చినది గాదు, మన యింటినిగూర్చినది: ఫోనొక్కటే యున్న యింట అది మొదట కుమారునిచేతికే పోవుచున్నదా? తండ్రితోడ షిఫ్టునకు పోయి, తిరిగివచ్చి, తమ్ముని యాటలు ముగిసినపిమ్మట రాత్రి పదిగంటలకు కుమార్తెకు దక్కు ఫోనులో ఎంత మంచిగురువున్నను నిష్ఫలమే. పాఠములను దిద్దుట ఉపాధ్యాయులవంతు. ఈ యొక్క యన్యాయమును దిద్దుట మనవంతు. దీనికి ఏ ప్రభుత్వపుటుత్తరువును అక్కఱలేదు. ఈ రాత్రియే మొదలుపెట్టవచ్చును.