బేలిస్–హిల్‌మన్ చర్య: వరణాత్మకతను కొలిచే తీరు

సేంద్రియ సంశ్లేషణలో రెండు కార్బన్ పరమాణువులను కలపడం ఒక పని. కలిపినప్పుడు ఏర్పడగల పలు రూపాలలో కోరినదానినే రాబట్టడం మరొక పని. ఈ రెండవదానిని వరణాత్మకత అంటారు. బేలిస్–హిల్‌మన్ చర్య చరిత్రలో ఈ రెండింటి మధ్య దూరం స్పష్టంగా కనిపిస్తుంది.

1972 నాటి జర్మన్ పేటెంటు ద్వారా వెలుగు చూసిన ఈ చర్యలో అక్రిలేట్ వంటి ఆల్కీన్, ఆల్డిహైడ్, డాబ్‌కో అనే తృతీయ అమైన్ సమక్షంలో కలుస్తాయి. లోహం అక్కరలేదు, ఒక్క పరమాణువూ వృథా కాదు. అంతకు నాలుగేళ్ల ముందే మొరిటా ఫాస్ఫీన్‌తో ఇటువంటి చర్యనే సాధించినా, ఆయన పేరు చాలాకాలం మరుగునే ఉంది. అయితే ఈ పొదుపును మెచ్చుకునే వ్యాసాలు చర్య పూర్తి కావడానికి తరచు రోజులు పడుతుందన్న సంగతిని త్వరగా దాటేస్తాయి.

చర్యలో కొత్త కైరల్ కార్బన్ ఏర్పడుతుంది. డాబ్‌కోకు కైరల్ స్వభావం లేదు కనుక రెండు దర్పణ రూపాలూ సమానంగా వస్తాయి. 1999లో హతకెయామా బృందం క్వినిడిన్ నుంచి తయారుచేసిన ఉత్ప్రేరకంతో ఒక రూపానికి 90 శాతం దాటిన ఆధిక్యం సాధించింది. అది నిస్సందేహంగా మేలిమలుపు. కానీ ఆ అంకెను ఒంటరిగా చదవకూడదు. అందుకు సాధారణ మిథైల్ అక్రిలేట్ కాక, ఫ్లోరిన్ నిండిన ప్రత్యేక ఎస్టర్ కావలసివచ్చింది. ఉష్ణోగ్రత −55 డిగ్రీల సెల్సియస్. పైగా అవాంఛిత రూపానికి దారితీసే మధ్యస్థంలో కొంత డయాక్సనోన్ అనే ఉపోత్పన్నంగా మారిపోయింది. అంటే ఎస్టర్‌లో కనిపించే ఆధిక్యానికి ఆ వడపోత కూడా తోడ్పడింది. దిగుబడిని పక్కనపెట్టి ఆధిక్య శాతాన్ని మాత్రమే పట్టికలో చేర్చే అలవాటు ఈ విషయాన్ని కప్పివేస్తుంది.

దీని వెనుక లోతైన ప్రశ్న ఉంది: రూపం నిర్ణయమయ్యేది ఏ దశలో? ప్రోటాన్‌నిచ్చే ద్రావణి లేనప్పుడు చర్యావేగం ఆల్డిహైడ్ గాఢతపై ద్వితీయ క్రమాంకంగా ఆధారపడుతుందని 2005లో మెక్‌క్వేడ్ బృందం చూపింది. రెండవ ఆల్డిహైడ్ అణువు ప్రోటాన్ బదిలీకి సాయపడుతుందన్నది వారి వివరణ. బంధమేర్పడే దశ ద్విగతమైతే, ఆ దశను మాత్రమే దృష్టిలో ఉంచుకొని ఉత్ప్రేరకాన్ని రూపొందించడం గురి తప్పినట్టే. 2015లో ప్లాటా, సింగిల్టన్‌ల ప్రయోగాలు, ఈ చర్యపై అంతకుముందు వెలువడిన గణనల విశ్వసనీయతనే ప్రశ్నించాయి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో డి. బసవయ్య బృందం చేసిన కృషికి ఈ నేపథ్యంలో ప్రత్యేక విలువ ఉంది. 1996, 2003, 2010 సంవత్సరాల సమీక్షా వ్యాసాలు ఆయనకు పేరు తెచ్చాయి గాని, విమర్శకుని దృష్టి నిలవవలసింది మరొకచోట. చర్య ఉత్పన్నాలను ఎసిటేట్లుగా మార్చి, వాటిపై కొత్త బంధం నిర్మించినప్పుడు, ఎస్టర్లు ప్రధానంగా ఇ-ఆల్కీన్లను, నైట్రైల్‌లు జడ్-ఆల్కీన్లను ఇచ్చాయి. కడ్డీలా సన్నగా ఉండే నైట్రైల్ పక్కన ఆరైల్ సమూహానికి చోటు దొరుకుతుంది. స్థూలమైన ఎస్టర్ పక్కన దొరకదు. ఖరీదైన ఉత్ప్రేరకమేదీ లేకుండానే, సమూహాన్ని మార్చి జ్యామితిని ముందే చెప్పగలగడం ఇక్కడి విశేషం.