చుక్కచుక్కగా మందు వదిలే బిళ్ళ

అనంతపురం జిల్లాలో చీనీ తోట పెట్టిన రైతుకు డ్రిప్పు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. బోరులో ఉన్న కొద్ది నీళ్ళనే గంటల తరబడి చెట్టు మొదట్లో పడేలా చేస్తుంది. బీపీకి, షుగరుకి వాడే ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఎల్ బిళ్ళలు ఒంట్లో చేసేదీ అదే పని: మందును ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా వదులుతాయి.

మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్‌నే తీసుకోండి. షుగరుకి వాడే ఈ బిళ్ళను నీళ్ళలో వేస్తే పొడిపొడిగా విడిపోదు. ఉబ్బి, పైన జిగురు పొర కడుతుంది. చాలా కంపెనీలు ఇందుకు సెల్యులోజ్ నుంచి తయారుచేసే హైప్రోమెలోజ్ వాడతాయి. నీళ్ళు ఆ పొర దాటి లోపలికి పోవాలి, మందు దాన్నే దాటి బయటికి రావాలి. కావలసింది ఆ ఆలస్యమే. సగానికి విరిస్తే నీళ్ళు తగిలే మేర పెరిగి, మందు అనుకున్నదానికంటే త్వరగా రక్తంలో చేరుతుంది. నూరితే పొర కట్టే వీలే ఉండదు.

అనంతపురం శివారులోని రైపర్ లాంటి ఫార్మసీ కాలేజీల్లో నేర్పే పరీక్ష ఈ పనితనాన్ని కళ్ళకు కడుతుంది. 37 డిగ్రీల వెచ్చని ద్రావణంలో బిళ్ళ వేసి, తెడ్డు తిప్పుతూ, ఎంతసేపటికి ఎంత మందు వచ్చిందో కొలుస్తారు.

1970లలో అమెరికాలోని ఆల్జా కంపెనీలో ఫెలిక్స్ థ్యూవెస్ తయారుచేసిన బిళ్ళ మరీ అద్భుతం. నీళ్ళను మాత్రమే లోపలికి రానిచ్చే పెంకు, దానికి ఒక సన్నని రంధ్రం. లోపలికి చేరిన నీటి ఒత్తిడికి మందు ఆ రంధ్రం గుండా నిలకడగా బయటికొస్తుంది. ఇదే పద్ధతిలో బీపీకి వాడే నిఫెడిపిన్ బిళ్ళలు వచ్చాయి. ఖాళీ పెంకు మలంలో కనబడితే కంగారు పడనవసరం లేదు, మందు ఒంటికి పట్టినట్టే. మింగకముందే ఆ పెంకును విరిస్తే రోజంతా రావలసిన మందు ఒక్కసారిగా దిగి, బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

నాకు అన్నిటికన్నా నచ్చింది స్వీడన్ కంపెనీ ఆస్ట్రా చేసిన బీపీ బిళ్ళ మెటోప్రొలాల్ సక్సినేట్. అందులో వందల కొద్దీ చిన్న గుళికలు, ప్రతి గుళికకూ విడిగా పూత. నొక్కి బిళ్ళగా చేసినా ఆ పూత చిట్లదు. అందుకే గీత వెంబడి విరిచినా గుళికలు తమ పని తాము చేసుకుపోతాయి. నమలడం, నూరడం మాత్రం కూడదు. అయితే అన్ని కంపెనీల బిళ్ళల కట్టుబడీ ఇది కాదు. విరిచే ముందు ఫార్మసిస్టును అడగాలి.

ముసలివాళ్ళకు మింగడం కష్టమని ఇలాంటి బిళ్ళను రాగి జావలో నూరి కలిపే ఇళ్ళున్నాయి. ప్రేమతో చేసే పనే. కానీ అలా నూరే బదులు ఆ ఇబ్బంది డాక్టరుకు చెబితే, చాలా మందుల్లో రెండు మూడు పూటలు వేసుకునే సాదా బిళ్ళలో, ద్రవరూపంలోనో రాసిస్తారు.