మడత తెరలు: అలంకారమను మాట

విమర్శలో కొన్ని మాటలు పొగడుచున్నట్లు కనిపించి తక్కువ చేయుచుండును. 'అలంకార కళ' అనునది అట్టి మాట. గోడకు వ్రేలాడు చిత్రము కళ యనియు, గదిలో నిలిచి ఏదో యొక పని చేయు చిత్రము అలంకారమనియు విమర్శకులొక గీత గీసికొనిరి. ఆ గీత ఎంతవరకు నిలుచునో పరీక్షించుటకు జపాను దేశపు ప్రాచీన మడత తెరల కంటె తగిన వస్తువు దొరకుట కష్టము. అవి గృహోపకరణములు; ఆ దేశపు చిత్రకళలోని మహాకృతులలో అనేకము కూడ అవియే. ఈ రెండింటిలో ఏది నిజమని యడుగుట కంటె, రెండును ఒకే వస్తువునందు ఎట్లు నిజమైనవని యడుగుట మేలు.

జపానీయులు ఈ తెరను 'బ్యోబు' అందురు. గాలికి అడ్డు అని ఆ మాటకు అర్థము. పేరులోనే ప్రయోజనము చెప్పబడినది. ఇది చైనాలో పుట్టి, కొరియా మీదుగా జపాను చేరిన వస్తువు. క్రీ. శ. 756లో షోము చక్రవర్తి మరణానంతరము ఆయన వాడిన వస్తువులను రాణి కోమ్యో నారా నగరములోని తోదైజీ ఆలయమునకు సమర్పించెను. అప్పటి జాబితాలో సుమారు నూరు తెరలు పేర్కొనబడినవి. వానిలో ఒకటి, చెట్ల క్రింద నిలిచిన స్త్రీలను చూపు ఆరు రెక్కల తెర, నేటికిని షోసోయిన్ భాండాగారమున కలదు. ఆ స్త్రీల వస్త్రములపై ఒకనాడు అతికించిన పక్షి ఈకలు చాలవరకు రాలిపోయినవి. రేఖలు మాత్రము నిలిచినవి.

ఆ తెరలో ఒక్కొక్క రెక్కకు ఒక్కొక్క స్త్రీ. అది చిత్రకారుని కోరిక మాత్రమే కాదు, పనివాని పరిమితి కూడ. పూర్వకాలపు తెరలలో ప్రతి రెక్కకును వేరుగ అంచు కట్టి, రెక్కలను త్రాళ్లతోనో తోలు పట్టీలతోనో జతచేసెడివారు. అందువలన చిత్రము ఆరు ముక్కలుగనే యుండెడిది. తరువాతి శతాబ్దములలో కాగితపు కీలు వచ్చెను. దానితో రెక్కలు సందు లేకుండ కలిసికొని, ముందుకును వెనుకకును మడవబడగలిగెను. నది ఒక రెక్కలో పుట్టి ఆరవ రెక్క వరకు పారుటకు, చెట్టుకొమ్మ నాలుగు మడతలను దాటి సాగుటకు అప్పుడు వీలు కలిగెను. ఒక కాగితపు కీలు ఒక దేశపు చిత్రకళకు కొత్త ఛందస్సు నిచ్చినదనుట అతిశయోక్తి కాదు. చేతిపనికిని కల్పనకును నడుమ గోడ కట్టువారు ఈ కీలును ఒకసారి తలచుకొనవలెను.

సాహిత్య పాఠకులకు ఈ తెరలతో ఇంకను దగ్గరి చుట్టరికము కలదు. హెయాన్ యుగమున రాజాస్థానపు తెరల కొరకు కవులు ప్రత్యేకముగ పద్యములు చెప్పెడివారు. వానికి 'బ్యోబు ఉత', అనగా తెర పద్యములని పేరు. 905 ప్రాంతమున వెలువడిన 'కోకిన్‌షు' సంకలనకర్తలలో ఒకడైన కి నో త్సురయుకి ఇట్టివి పెక్కు రచించెను. కవి తరచుగ చిత్రములోని మనిషి గొంతుతోనే మాటలాడెను. పద్యమును చిన్న కాగితపు పలకపై వ్రాసి తెరకే అంటించిరి. ఒక పండుగ సందర్భము, ఒక ఋతువు, ఒక గది, గాలిని ఆపు ఒక వస్తువు: ఇన్నింటి నడుమ పుట్టిన ఆ పద్యమును అలంకారమని త్రోసివేయుటకు ఏ సాహిత్య చరిత్రకారుడును సాహసింపడు. మరి ఆ పద్యమునకు చోటిచ్చిన చిత్రమును మాత్రము ఏల తక్కువ చేయవలెను?

ఓగత కోరిన్ (1658–1716) రచించిన ఐరిస్ పూల తెరలను చూడుడు. అవి టోక్యోలోని నెజు మ్యూజియములో కలవు. రెండు తెరలు, ఒక్కొక్కదానికి ఆరు రెక్కలు. ఎత్తు సుమారు 150 సెంటీమీటర్లు. బంగారు రేకు పరచిన నేలపై నీలిపూలు, పచ్చని ఆకులు తప్ప మరేమియు లేవు. నీరు లేదు, ఆకాశము లేదు, గట్టు లేదు. కోరిన్ క్యోతోలో వస్త్రవర్తకుల ఇంట పుట్టినవాడు. పూగుత్తులలో కొన్ని అచ్చు వేసినట్లు మరల మరల వచ్చుచున్నవి. ఇది చీరపై బూటా వంటిది గాని చిత్రము కాదని యెవరైన అనినచో, మొదటి చూపునకు బదులు చెప్పుట కష్టమే.

కాని ఆ పూల వెనుక ఒక కథ కలదు. 'ఇసే మొనొగతరి' అను ప్రాచీన గ్రంథములో రాజధానిని విడిచిన ఒక ప్రయాణికుడు యత్సుహషి అను చోట, ఎనిమిది వంతెనల యొద్ద, ఈ పూలను చూచి, విడిచివచ్చిన ఇల్లాలిని తలచి పద్యము చెప్పును; పూవు పేరులోని అక్షరములే పాదముల మొదటి అక్షరములగును. తోడివారి కన్నీరు వారు తెచ్చుకొన్న అన్నముపై రాలును. కోరిన్ ఈ తెరలో వంతెనను తీసివైచెను, ప్రయాణికుని తీసివైచెను, కన్నీరును తీసివైచెను. పూలు మాత్రము మిగిలినవి. తెర ముందు కూర్చున్నవాడే ఆ ప్రయాణికుడు. చెప్పక చెప్పుటను మన ఆలంకారికులు ధ్వని యనిరి. ఇది అది కాక మరేమి?

ఆ మాటకు వచ్చితిమి కనుక, అలంకారమను పదమును మన శాస్త్రమునుండియే తిరిగి తెచ్చుకొందము. వామనుడు సౌందర్యమునకే అలంకారమను పేరిడెను. ఆనందవర్ధనుడు ఇంకను సూక్ష్మముగ, రసములో మునిగిన కవికి వేరు ప్రయత్నము లేకుండ సిద్ధించునదే ధ్వనికావ్యమునకు తగిన అలంకారమని తీర్మానించెను. ఈ గీటురాయి తెరలకును చక్కగ సరిపోవును. మడతను విప్పి బల్లపరుపుగా పరచినచో ఏమియు పోగొట్టుకొనని తెర, తొడిగిన నగ వంటిది. మడత తీసినంతనే అర్థము తగ్గునట్టి తెరలో అలంకారము ప్రాణముతో కలిసిపోయినది. కోరిన్ తెరలో మడత ముందుకు వచ్చినచోట పూగుత్తి మనవైపు అడుగు వేయును. లోనికి పోయినచోట నీడలోనికి తప్పుకొనును. ఒకే గుత్తి రెండుచోట్ల రెండు వెలుగులలో నిలుచును గనుక అది పునరుక్తి కాదు, పల్లవి.

అన్ని తెరలును ఈ పరీక్షలో నెగ్గునని నేననను. బంగారము అధికార ప్రదర్శనకును పనికివచ్చినది. కనో ఎయితోకు చిత్రించిన క్యోతో నగర దృశ్యముల తెరలను 1574లో ఓద నొబునగ, ఉఎసుగి కెన్షిన్‌కు కానుకగా పంపెను. అందు స్నేహమెంతయో రాజకీయమంత. పెద్ద చిత్రశాలలలో శిష్యులు గురువు నమూనాలను తిప్పి తిప్పి వాడి గోడలు నింపినమాటయు నిజమే. మరొకవైపు హసెగవ తోహకు (1539–1610) దేవదారు వనపు తెరలలో బంగారపు జాడ లేదు. సిరా, కాగితము, మంచు. చెట్ల కంటె ఖాళీయే ఎక్కువ. వస్తువు విలువ దాని ధగధగలో లేదనుటకు ఈ ఒక్క తెర చాలును.

వస్తువును కేవలము అలంకారమని తలచినప్పుడు ఏమి జరుగునో చెప్పు దృష్టాంతమునకు మన తీరము పేరే తగిలియున్నది. పదునేడవ శతాబ్ది ఉత్తరార్ధమున చైనాలో లక్క పూసి, చెక్కి, రంగులు నింపిన పెద్ద తెరలు, తరచుగ పండ్రెండు రెక్కలవి, తయారయ్యెను. అవి కోరమండల్ తీరపు రేవుల మీదుగా ఐరోపాకు పోయినవి గనుక వానికి 'కోరమండల్ తెరలు' అను పేరు స్థిరపడినది. మచిలీపట్నము నుండి దక్షిణముగ సాగు ఆ తీరమున అట్టి తెర యొక్కటియు పుట్టలేదు; ఓడ దారి పేరు వస్తువునకు అంటుకొన్నది. ఐరోపాలో అనేకులు ఆ తెరలను కోసి, బీరువాలకు తలుపులుగను, గోడలకు పలకలుగను బిగించిరి. కథ నడుమ తెగినదని వారికి తోచలేదు, ఏలయన అందులో కథ యున్నదని వారనుకొనలేదు.

ప్రేమతో చేసిన పనియు ఒక్కొక్కప్పుడు అట్లే ముగియును. కోరిన్ చిత్రించిన వాయుదేవ, మేఘగర్జన దేవతల తెరల వెనుకవైపున, ఒక శతాబ్దము తరువాత సకై హోయిత్సు (1761–1828) వెండి నేలపై గడ్డిపూలు చిత్రించెను. ముందు ఉరుము దేవత యున్నచోట, వెనుక వానకు వంగిన వేసవి గడ్డి. ముందు వాయువు, వెనుక గాలికి ఊగు శరత్కాలపు గడ్డి. ఆకాశములోని కారణమునకు నేలమీది ఫలితము జవాబు. సంరక్షణ కొరకు ఆ రెండు ముఖములను నేడు వేరు వేరు తెరలుగ విడదీసిరి. ఆ నిర్ణయమును తప్పుపట్టుట సులభము కాదు. రంగు రాలిపోయిన పిమ్మట అర్థమును ఎక్కడ వెదకుదుము? అయినను ప్రశ్న ఒకచోటను ఉత్తరము మరొకచోటను నిలిచినవి. రెంటిని కలిపి చూచు పని ఇప్పుడు చూపరి మనస్సుపై పడినది.

మన దేశమునకు ఈ విద్య తెలియకపోలేదు. 1916లో రవీంద్రనాథ ఠాకూరు జపాను వెళ్లి, యొకొహామాలో హర తొమితారో యింట విడిసినప్పుడు, షిమొముర కంజన్ అంతకు ముందటి సంవత్సరమే చిత్రించిన 'యొరొబోషి' తెరలను చూచెను. తండ్రిచే వెళ్లగొట్టబడిన గ్రుడ్డి బాలుడు, పూచిన ప్లమ్ కొమ్మల నడుమ నిలిచి, తాను చూడలేని అస్తమయ సూర్యునికి చేతులు జోడించుచున్నాడు. ఆ చిత్రమును వదలి రాలేక, కవి దానికి నకలు వ్రాయుమని అరై కంపోను కోరెను. కంపో ఆ యేటనే కలకత్తా వచ్చి ఠాకూరుల యింట చిత్రకళ నేర్పెను.

కవి ఆ తెరలో చూచినది గాలికి అడ్డు కాదు, గది సొగసును కాదు. కాని అవి లేకుండ అతడు చూచినదియు లేదు. ఉపయోగము నుండి అందము పుట్టి, అందము నుండి అర్థము పుట్టి, చివరకు మూడును విడదీయరానివగుట ఉత్తమ కళకు లక్షణము. ఇక ముందు ఏ వస్తుప్రదర్శనశాలలోనైన అద్దము వెనుక మడత తెర కనిపించినచో, ఎదుట నిలిచి ఒక్క చూపు చూచి సాగిపోకుడు. కొంచెము వంగి, నేలపై కూర్చున్నవాని కంటి యెత్తునకు దిగి, కుడినుండి ఎడమకు మెల్లగ నడువుడు. రెక్క రెక్కకు చిత్రము మారుచుండును. అలంకారమని మనమనిన మాట అప్పుడు మరల పొగడ్తయగును.