మాన్యువల్ మాట, మెకానిక్ మాట

హైడ్రాలిక్స్ గురించి మన రైతుకు అందే పాఠాలు రెండే: ట్రాక్టర్‌తో పాటు ఇచ్చే మాన్యువల్, ఊరి చివరి షెడ్డులో మెకానిక్ చెప్పే మాట. మొదటిది బీరువాలో నలగకుండా ఉంటుంది. బండి నడిచేది రెండోదానితోనే.

ఆయిలు విషయంలో మెకానిక్‌దే పైచేయి. మాన్యువల్ ఇన్ని గంటలకోసారి మార్చమని లెక్క చెప్పి ఊరుకుంటుంది. కేజ్‌వీల్స్ వేసి దమ్ము చేసిన బండికి ఆ లెక్క చాలదు. చాలా ట్రాక్టర్లలో గేరుబాక్సుకీ లిఫ్టుకీ ఒకటే ఆయిలు. సీలు అరిగితే బురదనీళ్లు అందులోకే చేరతాయి. మెకానిక్ డిప్‌స్టిక్ తీసి, చుక్కను రెండు వేళ్ల మధ్య రాసి చూస్తాడు. పాలలా తెల్లబడిందా, నీళ్లు కలిసినట్టే. ఆయిలు మార్చి వదిలెయ్యడు, ఏ సీలు పోయిందో వెతుకుతాడు.

చిక్కల్లా ఆ వేళ్లతోనే. అదే అలవాటు కొద్దీ, లిఫ్టు ఎత్తి ఉండగా హోస్ పైపు వెంట చెయ్యి జరిపి లీకు వెతుకుతాడు. కారు టైరులో గాలి 2 బార్ల పైచిలుకు. ఈ పైపులో ఒత్తిడి 150 నుంచి 200 బార్ల దాకా ఉంటుంది. వెంట్రుకవాసి చిల్లులోంచి వచ్చే ధార కంటికి ఆనదు. గ్లౌజునీ చర్మాన్నీ దాటి కండలోకి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాటే. మొదట నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు కాబట్టి పసుపు అద్ది పనిలో పడతారు. లోపల కండ చచ్చిపోతూ ఉంటుంది. కొద్ది గంటల్లో ఆపరేషన్ చేసి శుభ్రం చెయ్యకపోతే వేలు తీసెయ్యాల్సి రావచ్చు. డాక్టరుకు ‘ఏదో గుచ్చుకుంది’ అంటే చాలదు, ప్రెషర్ ఆయిలు లోపలికి పోయిందని చెప్పాలి. లీకును అట్టముక్కతో చూడమన్న మాన్యువల్‌కే ఇక్కడ నా ఓటు.

చెప్పే తీరుకు మాత్రం కాదు. బ్యాటరీ యాసిడ్, మడ్‌గార్డు మీద పిల్లలు, హోస్ లీకు, అన్నిటికీ అదే త్రికోణం బొమ్మ, అదే గొంతు. మెకానిక్ అయితే ఫలానావాడికి ఏమైందో చెబుతాడు. అది గుర్తుంటుంది.

ఎత్తిన ట్రాలీ కింద దూరేముందు స్టాండు పెట్టాలని ఇద్దరూ అంటారు. షెడ్డులో స్టాండు కనబడకపోతే మాత్రం ‘జాకీ పట్టుకుంటుందిలే’ అన్న సడలింపు వస్తుంది. ఇంజను ఆపినా బరువంతా ఆయిలు మీదే ఉంటుంది. హోస్ చిట్లినా, ఎవరి మోకాలో లివరుకు తగిలినా ట్రాలీ దిగిపోతుంది. యూనియన్ నట్టు విప్పాలన్నా ముందు బరువు నేలకు దించాలి, ఇంజను ఆపాలి, లివరు అటూ ఇటూ ఆడించి మిగిలిన ప్రెషర్ వదలాలి. మాన్యువల్ ఈ వరసలో ఒక్కటీ తప్పదు. మెకానిక్‌కు తొందరలో చివరిది నట్టు వదులయ్యాక గుర్తొస్తుంది.